మెత్తని వాదర

రెండో తువ్వాలు కూడా తడిసింది. మాస్టారి దవడ కింద నెత్తురు మాత్రం ఆగలేదు.

తెగిందంటే తెగిందీ కాదు, నువ్వుగింజంత గాటు. చెవి తమ్మె కిందుగా, దవడ ఎముక మలుపు తిరిగే చోట. ఇరవై రెండేళ్ళుగా వారానికి రెండుసార్లు దూదయ్య కత్తి ఆ మలుపు తిరుగుతూనే ఉంది.

దూదయ్య అన్నది వీధి పెట్టిన పేరు. చెయ్యి దూదిలా ఆనుతుందని ఎవరో అన్నారు, అదే అతుక్కుపోయింది. అసలు పేరుతో పిలిస్తే ఇప్పుడు అతను కూడా వెనక్కి తిరిగి చూడడు. అలాంటి చేతికి ఇవాళ వెచ్చటి తడి తగులుతోంది. పటికముక్క రుద్దాడు. పటికే ఎర్రబడింది. చల్లటి నీళ్ళలో గుడ్డ ముంచి అదిమి పట్టాడు. వంద లెక్కపెట్టి తీశాడు. సన్నటి దారంలా మళ్ళీ దిగింది, మెడ మడత లోంచి చొక్కా కాలరు వైపు.

"మాస్టారూ, ఈమధ్య మందులేమన్నా మారాయా?"

"ఒకటి కొత్తగా ఇచ్చారు." మాస్టారు అద్దంలో అతని ముఖం చూసి నవ్వారు. "గుండె తాళం తప్పుతోందట. లోపల నెత్తురు గడ్డకట్టి తలకెక్కకుండా పలచబరిచే మాత్ర. రోజుకొకటి. అచ్చుతప్పు లాంటిదేనోయ్, వరసలో ఒక అక్షరం ఎగిరిపోయినట్టు నాకొక దెబ్బ ఎగిరిపోతుంది."

ఆయన ఏనాడూ పాఠం చెప్పలేదు. ప్రింటింగు ప్రెస్సులో ముప్ఫయ్యేళ్ళు ప్రూఫులు దిద్దారు, అందుకని మాస్టారయ్యారు. ఈ షాపు బోర్డు మీద రెండు తప్పులున్నాయని, మొదటిరోజు గడ్డం గీయించుకోకుండానే వెళ్ళి పెయింటర్ని వెంటబెట్టుకొచ్చిన మనిషి.

దూదయ్య నవ్వలేకపోయాడు. బొటనవేలు గాటు మీదే పెట్టి అదుముతున్నాడు. ఆ వేలికి అరంగుళం పక్కన పెద్ద నరం కొట్టుకుంటోంది. అది ఇన్నాళ్ళూ అక్కడే ఉంది, అయినా అతను దాన్ని ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు. ఇప్పుడు వేలికింద దాన్నొక్కదాన్నే వింటున్నాడు.

నెత్తురు ఆగేసరికి గంట దాటింది. మాస్టారు వెళ్ళాక వెనక పంపు కింద తువ్వాళ్ళు నానబెట్టాడు. నీళ్ళు ఎర్రబడ్డాయి, పారబోశాడు. మళ్ళీ ఎర్రబడ్డాయి. మూడో బకెట్టుకి నీళ్ళు తెల్లగా వచ్చాయి గానీ అతను ఇంకో బకెట్టు పట్టాడు.

మళ్ళీ శనివారం మాస్టారు వస్తారని తెలుసు. అయినా ఆయన రోడ్డు దాటుతుంటే అద్దంలో చూసి దూదయ్య బెంచీ వైపు తిరిగాడు. బెంచీ మీద తాపీమేస్త్రీ ఒకడు పేపరు చదువుకుంటున్నాడు.

"మీరు కూర్చోండి, ముందు మీదే," అన్నాడు దూదయ్య అతనితో.

"నాకేం తొందర లేదు, మాస్టార్ని కానివ్వు," అని మేస్త్రీ పేజీ తిప్పాడు.

మాస్టారు వచ్చి తన కుర్చీలో తను కూర్చున్నారు. గుడ్డ తీసి మెడ చుట్టూ తనే కట్టుకున్నారు. తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకున్నారు. మెడ అంతా బయటపడింది. దూదయ్య బ్రష్షు పట్టుకుని నిలబడ్డాడు. నురగ చేతి మీదికి కారుతోంది.

"నా వల్ల కాదు మాస్టారూ."

ఆయన కళ్ళు తెరిచారు.

"ఆ మాత్రలు వేసుకుంటున్నన్నాళ్ళూ నా కత్తి మీకొద్దు. ఏమన్నా అయితే నేను తట్టుకోలేను. మిషను పెట్టించుకోండి."

"మిషను పెడితే నా ముఖం పొక్కిపోద్దని నీకు తెలీదా? పారేసే బ్లేడూ అంతే. పడితే నీ దగ్గరికెందుకొస్తాను?"

"పోనీ, గడ్డం పెంచేయండి."

"ఎన్నాళ్ళు?"

"మాత్రలున్నన్నాళ్ళు."

"డాక్టరు బతికినన్నాళ్ళూ అన్నాడు," అన్నారు మాస్టారు. మేస్త్రీ పేపరు దించి ఇద్దరినీ చూశాడు. మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. మెడ వెనక ముడి విప్పుకున్నారు, గుడ్డని నాలుగు మడతలు వేసి కుర్చీ చేతి మీద పెట్టారు. "సరేలే. నీ కత్తి నీ ఇష్టం."

ఆయన రోడ్డు దాటి సందు మలుపు తిరిగేదాకా దూదయ్య అద్దంలోనే చూశాడు. నేరుగా చూసే ధైర్యం లేకపోయింది.

"ఏం, అప్పున్నాడా?" అన్నాడు మేస్త్రీ.

"కూర్చో," అన్నాడు దూదయ్య కసిరినట్టు.

*

ఇంట్లో అన్నం ముందు కూర్చుని ముద్ద కలుపుతూ ఉండిపోయాడు. భార్య గుమ్మం దగ్గర వెలుగులో కూర్చుని బట్టల ఫ్యాక్టరీ చొక్కాలకి కాజాలు కుడుతోంది. రోజుకి వంద కాజాలు. మాట్లాడేటప్పుడు కూడా సూది ఆగదు.

"పెద్దమనిషిని కుర్చీలోంచి లేపావా?" అంది అంతా విని.

"లేపలేదు. ఆయనే లేచారు."

"లేవక ఏం చేస్తాడు మరి? నీ చెయ్యి తడబడిందా, కత్తి తడబడిందా, ముందది తేల్చుకో. నా కత్తెర మొద్దుబారితే గుడ్డని కోయదు, నమిలేస్తుంది. తప్పు నాదనే అంటాడు సూపర్‌వైజరు."

ఆ మాట పట్టుకుని దూదయ్య మర్నాడు షాపు తెరవకుండా కత్తి విప్పి భూతద్దం కింద పెట్టాడు. ఉత్త కంటికి కత్తి అంచు, ఆ వాదర, వెండితీగలా ఉంది. అద్దం కింద చూస్తే మధ్యలో అంగుళం మేర సన్నటి పళ్ళు, రంపం లాగా. ఇన్నాళ్ళూ దీన్నేనా అందరి మెడల మీదా ఆడించింది?

తప్పు ఎక్కడుందో వెతకడం కష్టం కాలేదు. కత్తికి మూడు రాళ్ళు కావాలి. మొదటిది గంట్లు పడ్డ అంచుని సరిచేస్తుంది. రెండోది నునుపు చేస్తుంది. ఆఖరి రాయి దగ్గరే కత్తి చర్మంతో ఎలా మసలుకోవాలో నేర్చుకుంటుంది. అతని ఆఖరి రాయి ఇరవయ్యేళ్ళుగా అరిగి అరిగి మధ్యలో దోనెలా గుంటపడింది. స్కేలు నిలబెట్టి చూస్తే కింద నుంచి వెలుతురు దూరుతోంది.

సానరాళ్ళు అమ్మే దుకాణం రైలు గేటు అవతల ఉంది. నడిపేది అరవై దాటిన ఆడమనిషి. మెడలో దారానికి కళ్ళజోడు, చేతులు ఎప్పుడూ తడిగా, వేళ్ళ గోళ్ళు బూడిదరంగులో. వడ్రంగులూ దర్జీలూ మాంసం కొట్టేవాళ్ళూ అందరూ ఆమెని అక్కా అనే పిలుస్తారు. ఎవరొచ్చినా ఆమె అడిగేది ఒకటే మాట.

"ఎవరి గొంతు కొయ్యాలి?"

రోజూ నవ్వే మాటే. ఇవాళ దూదయ్య ముఖం పాలిపోయింది. అక్క కళ్ళజోడు ఎత్తి పెట్టుకుని అతన్ని చూసింది.

"ఎవరికీ తెగకుండా ఉండే రాయి కావాలక్కా," అన్నాడు. జరిగిందంతా చెప్పాడు. ఎవరికో ఒకరికి చెప్పాలని ఉంది, చెప్పేశాడు.

ఆమె బల్ల కిందనుంచి రంపపుపొట్టు నింపిన పెట్టె లాగింది. పొట్టులో చేతులు పెట్టి, తవుడులో గుడ్లు వెతికినట్టు వెతికి, మూడు రాళ్ళు తీసి తడిగుడ్డతో తుడిచి వరసగా పెట్టింది. ఒకటి బొగ్గులా నల్లనిది. ఒకటి పసుపుపచ్చది, వెన్నముద్ద రంగు. మూడోది బూడిదలో ఆకుపచ్చ కలిసినట్టుంది, మూల కొద్దిగా విరిగి ఉంది.

"నీళ్ళు చల్లు."

చల్లాడు. నల్లరాయి మీద చుక్కలు గుండ్రంగా నిలబడ్డాయి. పచ్చరాయి మీదివి నెమ్మదిగా ఇంకిపోయాయి. మూడోదాని మీద పలచగా పరుచుకుని అలాగే ఉన్నాయి.

"దాహమేసే రాయి ఆఖరి పనికి పనికిరాదంటారు, పూర్తిగా నిజం కాదు," అంది అక్క. "గోరుతో గియ్యి. ఏం వినబడుతోంది?"

"నల్లది ఏమీ అనడం లేదు. పచ్చది గరగర."

"ఇదీ?"

మూడోదాన్ని గోరుతో గీశాడు. చెవి దగ్గర పెట్టుకున్నాడు. "పట్టు చీర మడత పెడుతున్నట్టుంది."

"ఆఁ. ఇప్పుడు నీ కత్తి పెట్టు. అదమకు. దాని బరువే దానికి చాలు."

ఒక్కో రాయి మీదా ముందుకీ వెనక్కీ తోశాడు, వెన్ను మీద తిప్పుతూ. నల్లరాయి మీద కత్తి మంచు మీద జారినట్టు పోయింది. పచ్చరాయి మీద బురద ఊరింది, తెల్లగా చిక్కగా. దాన్ని సానపట్టేవాళ్ళ భాషలో పాలు అంటారు. మూడో రాయి మొదట పట్టించుకోలేదు. ఇరవై తోపుల తర్వాత కత్తిని పట్టుకోవడం మొదలుపెట్టింది. తేనె మీద తోస్తున్నట్టు మణికట్టుకి తెలిసింది.

"నల్లదాని మీద నూరితే వెంట్రుకని నిలువునా చీలుస్తుంది," అంది అక్క. "కానీ దానికి చర్మమూ వెంట్రుకా ఒకటే. కుర్రాళ్ళ బుగ్గలకి బాగుంటుంది. పచ్చది సాధువు, ఎవర్నీ ఏమీ అనదు, కానీ నాలుగు గడ్డాలకే అలిసిపోతుంది. ఇక ఇది... దీని సంగతి నేను చెప్పలేను. ఒక్కో రాయికి ఒక్కో బుద్ధి. మా నాన్న దీన్ని అమ్మకుండానే పోయాడు."

"ఏది తీసుకోమంటావు?"

"నన్నడిగితే? గడ్డం నాకుందా?" రాళ్ళు మూడూ గోనెగుడ్డలో చుట్టి అతని చేతిలో పెట్టింది. "ఇది రాళ్ళ మీద తేలేది కాదు, ముఖం మీద తేలాలి. పట్టుకెళ్ళు. రెండు తిరిగి తెచ్చివ్వు. ఇంకో మాట. భయంతో కత్తి పట్టేవాడు అదుముతాడు. అదిమితే ఏ రాయీ కాపాడదు."

*

సోమవారం పొద్దున అతని ముఖానికి పరీక్ష మొదలైంది. ఒకే రకం కత్తులు మూడు తీసి ఒక్కోదాన్ని ఒక్కో రాయికి అప్పజెప్పాడు. కుడి బుగ్గ నల్లరాయికి, ఎడమ బుగ్గ పచ్చరాయికి. గీశాక ముఖం కడుక్కుని పటిక రుద్దుకుంటాడు. కంటికి కనపడని గాట్లుంటే పటిక మంట పెట్టి చెప్తుంది. కుడి బుగ్గ భగ్గుమంది.

"కళ్ళు మూసుకుని చూడు," అన్నాడు భార్యతో.

ఆమె సూది జాకెట్టుకి గుచ్చుకుని వచ్చి రెండు అరచేతులూ అతని చెంపలకి ఆనించింది. "ఇటు నున్నగా ఉంది. అటు మెత్తగా ఉంది."

"నున్నగా, మెత్తగా ఒకటే కదా?"

"ఒకటెట్లా అవుతుంది? గాజుగ్లాసు నున్నగా ఉంటుంది, దిండు మెత్తగా ఉంటుంది." చేతులు తియ్యలేదు. "ఇన్నేళ్ళకి బుగ్గలు పట్టుకోమన్నావు, అదీ పరీక్షకి."

మంగళవారం మూడో రాయి. బుధవారం మళ్ళీ మూడో రాయి, ఈసారి చివరి పది తోపులూ ఉత్త నీళ్ళ మీద. నలభై తోపులకి కత్తి పాలని మింగి రాయిని అంటిపెట్టుకుంది. ఎత్తబోతే రాయి కూడా లేచొచ్చింది. తోలుపట్టీ మీద అరవైసార్లు అటూ ఇటూ రుద్దాడు. గీసుకుంటే కత్తి కదులుతున్నట్టు చప్పుడుని బట్టే తెలిసింది. పటిక ఏమీ అనలేదు.

అది చాలదు. మిగిలినవాళ్ళకైతే చాలేది. గురువారం పొద్దున తలుపు గడియపెట్టి, అద్దం ముందు నిలబడి, తన దవడ మలుపు దగ్గర కావాలనే తప్పు చేశాడు. కత్తిని పడుకోబెట్టాల్సిన చోట నిలబెట్టాడు. చర్మం లాగి పట్టకుండా వదిలేశాడు. చెయ్యి వణకనిచ్చాడు. నుదుటి మీద చెమట కంట్లోకి కారుతుంటే మూడుసార్లు మలుపు తిప్పాడు. తువ్వాలు అదిమి తీసి వెలుగులో పట్టుకుని చూశాడు. తెల్లగా ఉంది.

అప్పుడు మాస్టారికి ఫోను చేశాడు.

"రేపు పదిన్నరకి రండి మాస్టారూ. నేను గీస్తాను."

"భయం పోయిందా?"

"పోలేదు. కొత్త రాయి దొరికింది."

మాస్టారు పెద్దగా నవ్వారు. "నేనూ ఒక ఏర్పాటు చేశాలే. వచ్చి చెప్తా."

*

శుక్రవారం మాస్టారు వారం గడ్డంతో వచ్చారు. తెల్లటి మొలకల్లో ముఖం పదేళ్ళు ముసలిదైపోయినట్టుంది. కోటు విప్పి కొక్కేనికి తగిలించారు. దూదయ్య వేడినీళ్ళలో ముంచిన తువ్వాలు ముఖానికి చుట్టి, వెంట్రుక మెత్తబడేదాకా ఆగి, నురగ పట్టించాడు. అదిమితే ఏ రాయీ కాపాడదు, అదిమితే ఏ రాయీ కాపాడదు అని లోపల అనుకుంటూనే ఉన్నాడు.

"బుగ్గ పూరించండి."

మాస్టారు కుడి బుగ్గ నిండా గాలి పట్టారు. కత్తి చెవి దగ్గర దిగి గడ్డం దాకా ఒక్క ఊపులో వచ్చింది. నురగతో పాటు తెల్ల వెంట్రుకలు కత్తి మీదికి చేరాయి. కింద చర్మం గులాబీరంగులో, తడిగా, చెక్కుచెదరకుండా ఉంది. దవడ మలుపు వచ్చింది. కత్తి తిరిగింది. ఏమీ కాలేదు.

దూరంగా మిల్లు సైరను మోగింది. మాస్టారు గోడ గడియారం వంక కన్ను తిప్పారు.

"పదకొండూ రెండు. ఆ మిల్లు గడియారానికి ప్రూఫు దిద్దేవాడు లేడోయ్." తర్వాత గొంతు తగ్గించారు. "నువ్వింక వణక్కర్లేదు. మాత్ర మానేశాను."

దూదయ్య కత్తి గాల్లో ఆగింది.

"ఎప్పుడు?"

"నువ్వు గీయనన్న మర్నాటి నుంచి. ఇవాళ్టికి ఆరు. ఆవిడ చేతిలో పెడుతుంది, నేను నోట్లో వేసుకుని, మింగినట్టు చేసి జేబులో వేస్తాను. గీయించుకున్నాక మళ్ళీ మొదలుపెడతాలే. ఏం, అలా చూస్తావేం?"

"ఎంత పని చేశారు మాస్టారూ! వెంటనే ఇంటికెళ్ళి వేసుకోండి."

"సగం ముఖంతోనా? ముందు కానియ్."

దూదయ్య ఒక వారం రోజులుగా ఎటువైపు చూసి భయపడ్డాడో అది ఉన్నట్టుండి అటువైపు లేదు; ఇప్పుడు భయం కారే నెత్తురుతో కాదు, గడ్డకట్టే నెత్తురుతో. తొందరగా ముగించి తనే వెంటబెట్టుకుని ఇంటికి తీసుకెళ్దామనుకున్నాడు. కుడివైపు మెడ పూర్తిచేశాడు. కత్తి తుడిచాడు. ఎడమవైపుకి వచ్చి నురగ ఇంకోసారి పట్టించాడు.

"బుగ్గ పూరించండి."

బుగ్గ నిండలేదు. పెదవి మూలనుంచి గాలి తుస్సున పోయింది, నురగ బుడగ కట్టి పగిలింది.

"ఇటు మాస్టారూ, ఎడమవైపు."

మళ్ళీ గాలి పోయింది. ఎంగిలి గీతలా కిందికి కారింది. దూదయ్య ముందు చూసింది కత్తిని. నెత్తురు చుక్క లేదు. చర్మం చూశాడు. లేదు. ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే ముఖం చూశాడు, మొత్తం ముఖం. ఇరవై రెండేళ్ళుగా తెలిసిన ముఖం. ముక్కు పక్కనుంచి నోటి మూలకి దిగే గీత ఎడమవైపు లేదు. ఇస్త్రీ చేసినట్టు చదునుగా ఉంది.

"నవ్వండి మాస్టారూ."

కుడివైపు మాత్రమే నవ్వింది. ఎడమచెయ్యి కుర్చీ మీదనుంచి జారి వేలాడింది. ఆయనేదో అన్నారు. నోట్లో ఉప్మా ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టుంది ఆ మాట.

దూదయ్య కత్తి ఎక్కడ పెట్టాడో అతనికే తెలియదు. రోడ్డు మధ్యలోకి పరిగెత్తి చేతులు చాపి నిలబడితే లాండ్రీ బండి ఒకటి కీచుమని ఆగింది. డ్రైవరూ అతనూ కలిసి మాస్టార్ని ఎత్తి బట్టల మూటల మధ్య కూర్చోబెట్టారు. కొక్కేనికున్న కోటు ఎందుకు లాక్కొచ్చాడో, దాన్ని చంకలో ఇరికించుకుని, మాస్టారి తల తన భుజానికి ఆనించుకున్నాడు. దారంతా ఆ ముఖం మీద నురగ ఎండుతూ చిటపటలాడింది.

*

ఆసుపత్రి అత్యవసర వార్డులో చిన్న వయసు డాక్టరమ్మ. మాస్టారి చేతులు ఎత్తించి చూసి, వెంటనే తల ఫొటోకి పంపించి, బయటికొచ్చింది.

"ఎప్పుడు మొదలైంది?"

"పదకొండు సైరనుకి బాగున్నారు. మాట్లాడారు. ఎడమ బుగ్గకొచ్చేసరికి పన్నెండు నిముషాలు, అంతకు మించదు."

ఆమె రాసుకుంటున్నదల్లా తలెత్తి చూసింది. "ఇంత కచ్చితంగా ఎవరూ చెప్పరు."

కబురంది మాస్టారి భార్య వచ్చేసరికి స్కాను ఫొటో వచ్చింది. ఆవిడ చెప్పులు రెండూ రెండు రకాలు. చేతిలో మాత్రల అట్ట.

"తలలో గడ్డ అడ్డుపడింది," అంది డాక్టరమ్మ. "కరిగించే ఇంజెక్షనుంది. ఇంకా టైముంది. ఏం మందులు వాడుతున్నారు?" అట్ట అందుకుని చూసింది. ముఖం మారింది. "ఇది ఇవాళ వేసుకున్నారా?"

"ఎనిమిదిన్నరకి, నా చేత్తో ఇచ్చాను. ఒక్కరోజు తప్పలేదు తల్లీ."

"అయితే ఇవ్వలేం. ఇది ఒంట్లో ఉండగా అదిస్తే తలలోనే నెత్తురు కారుతుంది. ఈ మాత్ర ఒంట్లో ఉందో లేదో తేల్చే పరీక్ష మా దగ్గర లేదు. గడ్డని తీగతో లాగే ఆసుపత్రి ఐదు గంటల దూరం."

గోడకి ఆనుకుని నిలబడ్డ దూదయ్య అదంతా విన్నాడు. చెప్పాలి. చెప్తే ఎందుకు మానేశారని అడుగుతారు. అదొక భయం. దాని వెనక ఇంకో భయం నిలబడి ఉంది, దానికంటే పెద్దది. మాస్టారు తన వణుకు తగ్గించడానికి ఉత్తుత్తినే అన్నారేమో? అలా అనగలిగే మనిషే. నిజంగా మింగే ఉంటే, తన మాట నమ్మి ఇంజెక్షనిస్తే? అప్పుడు చంపింది కత్తి కాదు, తన నోరు.

డాక్టరమ్మ వెనక్కి తిరిగింది.

"వేసుకోలేదమ్మా," అన్నాడు.

"మీరెవరు?"

"గడ్డం గీసేవాణ్ణి. ఆరు రోజుల్నుంచి వేసుకోవడం లేదు. నాతో చెప్పారు."

"నా చేత్తో ఇచ్చానంటుంటే!" అంది మాస్టారి భార్య.

"చేతిలో పెట్టారమ్మా. మింగలేదు."

డాక్టరమ్మ దగ్గరికొచ్చింది. "చూడండి. మీరు చెప్పింది తప్పయితే ఆయన మన కళ్ళముందే పోతారు. ఆయన మీతో అన్నారు, అంతేనా?"

అంతే. అనడమే. జేబులో వేస్తానన్నారు, అన్నాడు తనలో తాను, జేబులో. అప్పుడు గుర్తొచ్చింది చంకలో కోటుందని. లోపలి జేబులో చెయ్యి పెట్టాడు. ఏమీ లేదు. పక్కజేబు, కళ్ళజోడు. ఇంకో పక్కజేబులో వేళ్ళకి కాగితం తగిలింది. పాత ప్రూఫు ముక్క, పొట్లంలా మడిచి ఉంది. మాస్టారి భార్యే అందుకుని విప్పింది.

ఆవిడ లోపలి మాత్రల్ని ఒక్కోదాన్నీ చూపుడువేలితో పక్కకి జరిపింది. "ఒకటి. రెండు." ఆరోదాని దగ్గర వేలు ఆగిపోయింది. అది కొద్దిగా తడిసి కరిగి ఉంది. పొద్దుటిది.

"ఎందుకు?" అంది, మాత్రలవైపే చూస్తూ.

"మాత్ర వేసుకుంటే గీయనన్నాను. నెత్తురుకి భయపడ్డాను."

ఆవిడ తలెత్తింది. దూదయ్య ఆ చూపు కింద నిలబడ్డాడు. డాక్టరమ్మ కాగితం ముందు పెట్టి, "అమ్మా, సంతకం," అంది. ఆవిడ అతని మీద చూపు తియ్యకుండానే పెన్ను అందుకుంది. సంతకం చేసేటప్పుడు మాత్రమే కళ్ళు దించింది.

"ఇవ్వండి," అంది డాక్టరమ్మతో. అతనితో, "ఇంక మీరు వెళ్ళండి," అంది.

*

వెళ్ళాడు. శని, ఆదివారాలు ఆసుపత్రి గేటు దాకా వెళ్ళి లోపలికి అడుగు పడక తిరిగొచ్చాడు. గేటు దగ్గర కాపలావాణ్ణి అడిగితే, "ఉన్నారు" అన్నాడు. అంతకుమించి అతనికీ తెలియదు. సోమవారం నల్లరాయినీ పచ్చరాయినీ అక్కకి తిరిగిచ్చాడు.

"అయితే అది బాగానే చేసిందన్నమాట," అంది అక్క.

"బాగానే చేసింది," అన్నాడు దూదయ్య.

మంగళవారం మధ్యాహ్నం షాపు ఖాళీగా ఉన్న వేళ గుమ్మంలో నీడ పడింది. మాస్టారి భార్య. దూదయ్య చీపురు వదిలేసి నిలబడ్డాడు. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు.

"మాట తిరుగుతోంది," అంది ఆవిడ. "చెయ్యే ఇంకా బరువుగా ఉందట. నిన్న మంచం దగ్గర అట్ట మీద తన పేరులో దీర్ఘం తప్పిందని నర్సుకి చూపించి దిద్దించుకున్నారు."

దూదయ్య బెంచీ మీద కూలబడ్డాడు.

"క్షమించమని అడగడానికి కూడా ముఖం చెల్లడం లేదమ్మా నాకు."

"నన్నడిగితే ఏం లాభం? ఇద్దరూ కలిసి నన్ను వెర్రిదాన్ని చేశారు." ఆవిడ షాపంతా చూసింది. కుర్చీ చూసింది. వచ్చి అందులో కూర్చుంది, కొంగు ఒళ్ళోకి లాక్కుని, నిటారుగా. ఆ కుర్చీలో ఆడమనిషి కూర్చోవడం అతనెప్పుడూ చూడలేదు. "డాక్టరమ్మ చెప్పింది. ఇంట్లో ఉండుంటే ఎవరూ గమనించేవాళ్ళు కాదట, నిద్రొస్తోందని పడుకోబెట్టేసేవాళ్ళట. నలభయ్యేళ్ళ నుంచి చూస్తున్నా కదా ఆ ముఖం. మారితే నాకు తెలిసేదా?"

దూదయ్య బెంచీ మీది పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"ఆ జబ్బు మళ్ళీ రావచ్చన్నారు. మాత్ర నోరు తెరిపించి మరీ మింగిస్తాను, అది నేను చూసుకుంటా. ఇది మాత్రం నాకు రాదు. మీరేం చూశారో అది నాకు చూపించండి."

అతను లేచి కుర్చీ వెనక నిలబడ్డాడు. అద్దంలో ఇద్దరి ముఖాలూ ఒకదాని మీద ఒకటి ఉన్నాయి.

"ఇదిగోనమ్మా, ముక్కు పక్కనుంచి దిగే ఈ గీత." తన ముఖం మీద వేలితో గీసి చూపించాడు. "రెండువైపులా ఉండాలి. నవ్వమంటే రెండూ లోతవ్వాలి. పొద్దున లేవగానే నవ్వమనండి. తర్వాత బుగ్గలు పూరించమనండి, ఇలా." బుగ్గలు నింపి చూపించాడు. "గాలి ఆగాలి. ఒక పక్కనుంచి పోతే..."

"నాకు భయంగా ఉంది," అంది ఆవిడ అద్దంలోకి.

"నాకూ ఉందమ్మా."

ఆవిడ తల ఊపింది. అద్దంలో తన ముఖాన్ని కాసేపు చూసుకుంది. పెదవులు బిగించి రెండు బుగ్గల నిండా గాలి పట్టింది, చిన్నపిల్లలా. దూదయ్య ఆ పెదవుల మూలలే చూస్తున్నాడు.

ఎడమ మూలనుంచి గాలి తుస్సున పోయింది. అతని చెయ్యి కుర్చీ వీపుని పట్టేసుకుంది. మరుక్షణం కుడి మూలనుంచి కూడా పోయింది. రెండు గీతలూ ఒక్కసారే లోతుగా దిగాయి. ఆవిడ నవ్వుతోంది, కళ్ళనిండా నీళ్ళతో.

"ఇంకోసారి," అన్నాడు దూదయ్య.